మూడో స్తంభం, రెండో తీగ

హాస్టల్, మూడో అంతస్తు
జూన్ 4

అక్కా,

సీటు వచ్చింది! పొద్దున నోటీసు బోర్డులో నా పేరు చూసుకుని అక్కడే మెట్ల మీద కూలబడిపోయాను. ఆఫీసు గుమాస్తా "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అంటూ మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఫోన్ చేద్దామంటే నువ్వు గుట్టెక్కితే తప్ప సిగ్నల్ అందదు. ఎక్కినా అందరి ఫోన్లూ ఎత్తుతావు, నాది తప్ప. అందుకే ఈ ఉత్తరం. శనివారం టపా బండికి నీకు అందుతుంది.

ఇది మామూలు సీటు కాదక్కా. మనలాంటి ఆదివాసీ పిల్లల కోసమే పెట్టిన పీహెచ్‌డీ ఫెలోషిప్. బొగ్గూ డీజిలూ వదిలేసి ఊళ్లు ఎండ మీదా గాలి మీదా బతకడం ఎలా నేర్చుకుంటున్నాయో పరిశోధన చెయ్యాలి. నాలుగేళ్లు. ఫీజు, గది, తిండి, తిరగడానికి ఛార్జీలు అన్నీ వాళ్లవే. ఉన్నది ఒకే ఒక్క సీటు, దానికి నూట ఎనభై మంది! పొడుగాటి బల్ల వెనక ఐదుగురు కూర్చుని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. అయినా గట్టిగానే మాట్లాడాను.

అమ్మ కుట్టి పంపిన నీలం చొక్కా వేసుకునే వెళ్లానని చెప్పు. బాగుందన్నారని కూడా చెప్పు.

నువ్వు మన ఊరి సోలారు కరెంటు లెక్కలు రాసుకున్న ఏడు నోటుపుస్తకాలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. చదివి ఇచ్చేస్తానని తెచ్చుకున్నాను కదా, ఇంకా చదువుతూనే ఉన్నాను. ఒక్క చిన్న సందేహం. నిండు గుండ్రం పెడితే ఆ సాయంత్రం దీపం వెలిగిన ఇల్లు. ఖాళీ గుండ్రం పెడితే వంతు ప్రకారం దీపం మానుకున్న ఇల్లు. అంతవరకూ తెలిసింది. మధ్యమధ్య ఇంటూ గుర్తులు ఎందుకు పెట్టావు? ఊరికే, తెలుసుకుందామని అడుగుతున్నాను.

నీ చెల్లి


బ్యాటరీ గది
జూన్ 13

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చేసరికి నా రెండు చేతులకీ యాసిడ్. పళ్లతో కవరు చింపాను. చదివి ఒక్క కేక పెట్టేసరికి టపా బండివాడు నాకు షాక్ కొట్టిందనుకుని మెయిన్ స్విచ్ కోసం గోడలన్నీ తడిమాడు. పాపం, ఎక్కడుందో తెలీదు వాడికి. నాకు నిజంగా షాక్ కొట్టి ఉంటే ఈపాటికి పోయేదాన్నే.

సాయంత్రం వంతులు చెప్పడానికి ఇల్లిల్లూ తిరుగుతూ నీ కబురూ చెప్పాను. మన కొట్టు బాబాయి సంగతి నీకు తెలుసుగా, దీపం ఆపమంటే నా పుట్టుక దగ్గర్నించి మొదలుపెట్టి తిడతాడు. నీకు సీటొచ్చిందనగానే "ఇవాళ నా వంతు కాకపోయినా ఆపుకో పో" అన్నాడు. పదకొండేళ్లలో ఆ నోట ఆ మాట మొదటిసారి వినడం.

మీ అమ్మ ఏమీ అనలేదు. కుట్టుమిషను ఆపింది, దారం తెంపింది, మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. గుమ్మం దిగి నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే మోచేత్తో కళ్లు తుడుచుకుంటోంది. నువ్వు చొక్కా వేసుకున్నావని చెప్పాను. "కుడి చెయ్యి కుట్టు సరిగ్గా రాలేదే, ఎవరైనా చూశారేమో" అని రెండుసార్లు అడిగింది. ఎవరూ చూడలేదులే పిన్నీ అన్నాను.

పుస్తకాలు ఇక పంపించు. మబ్బు రోజులు వస్తున్నాయి. ఎండ మొహం చూడకుండా పదిరోజులు గడిపిన ఏడాది సంగతంతా నాలుగో పుస్తకంలో ఉంది. ఏ బ్యాటరీ ఎన్నోరోజున చతికిలబడిందో అందులో చూసుకోవాలి. ఇరవై నాలుగు బ్యాటరీల్లో రెండు ఇప్పుడే మూలుగుతున్నాయి. నీళ్లు పోసి, తెల్ల పొడి గీకి, బుజ్జగిస్తున్నాను.

ఇంటూ గుర్తులా? అవి నా పిచ్చిగీతలు. పెన్ను రాయకపోతే గీసి చూసుకుంటాం కదా, అలాంటివి. వాటి జోలికి పోకు.

మీ అక్క


హాస్టల్, మూడో అంతస్తు
జూలై 9

ప్రియమైన అక్కకి,

నువ్వు, అమ్మ, పెద్దమ్మ అందరూ కులాసా అని తలుస్తాను. పుస్తకాలు ల్యాబులో ఉన్నాయి. పేజీ పేజీ ఫొటోలు తీస్తున్నారు, అందుకే ఆలస్యం. నాలుగోది ముందు పంపమని అడిగాను. చూద్దామన్నారు.

ఒక ముఖ్యమైన సంగతి. సెప్టెంబరులో ఫెలోషిప్ వాళ్లు ముగ్గురు, ఒక కెమెరా ఆయన మన ఊరు వస్తారు. నీతోనూ మాట్లాడతారు. కంగారు పడకు, చాలా మర్యాదస్తులు. వంతు పద్ధతి ఎప్పటిదని అడిగితే మన పెద్దవాళ్ల నుంచి వచ్చిందని చెప్పు, చాలు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు కదా? నీళ్లకీ కట్టెలకీ వాళ్లు వంతులు వేసుకునేవాళ్లని నువ్వే చిన్నప్పుడు చెప్పావు. నువ్వు దాన్నే కరెంటుకి మార్చావు, అంతే.

ఇక్కడ ఒక రకం భాష ఉంటుందక్కా. అందులో రాస్తేనే చదువుతారు. కాబట్టి కాస్త అటూ ఇటూ సర్ది రాయాల్సి వచ్చింది. ఎదురుగా ఉంటే విడమర్చి చెప్పేదాన్ని.

అమ్మని అడిగానని చెప్పు. నీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
నీ చెల్లి


బ్యాటరీ గది
జూలై 23

ప్రియమైన అక్కకి అట! కులాసా అని తలుస్తుందట! ఇన్నేళ్లలో నువ్వు నన్ను ప్రియమైన అనడం ఇదే మొదలు. అది చూడగానే అనుకున్నాను, ఈ పిల్ల ఎక్కడో కాలు జారిందని.

బడి టీచరు పట్నం వెళ్లి మీ విశ్వవిద్యాలయం వాళ్లు అచ్చేసిన చిన్న పుస్తకం తెచ్చింది. మూడో పేజీలో నీ ఫొటో ఉందని ఊరంతా చూపించింది. నల్లకోటులో దొరసానిలా ఉన్నావు. చొక్కా లోపలుందేమో, కనబడలేదు. కింద రాసిందంతా టీచరు గొంతెత్తి చదివింది. "వెలుగును తరతరాలుగా పంచుకునే పూర్వీకుల జ్ఞానం" అట.

ఒసేయ్, మనకు కరెంటొచ్చి పదకొండేళ్లు! మొదటిరోజు మన తాత బల్బు దగ్గరికెళ్లి మూడుసార్లు ఊదాడు. ఆరకపోయేసరికి నన్ను తిట్టాడు. ఆ తాతా నీకు వెలుగు పంచింది?

వంతు ఎలా పుట్టిందో నీకు తెలీదు. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. సోలారు పలకలు పెట్టిన రెండో ఏడు మబ్బు పట్టి వదల్లేదు. నాకేమీ తెలీక అందరికీ అన్నీ ఇస్తూ పోయాను. ఆరు బ్యాటరీలు చచ్చిపోయాయి. ఊరంతా వచ్చి ఈ గది ముందు నిలబడి నన్ను కడిగేశారు. మూడు రోజులు తలుపేసుకుని కూర్చుని, ఏడ్చి, కాగితాల మీద గుండ్రాలు గీసి గీసి కనిపెట్టాను. ఏ పెద్దవాళ్లూ వచ్చి నా చెవిలో ఊదలేదు.

నాది తీసుకుని నీ పేరు పెట్టుకున్నా ఇంత మండేది కాదే. చెల్లెలే కదా, పోనీలే అనుకునేదాన్ని. చచ్చిపోయినవాళ్లకి ఇచ్చేశావు. వాళ్లయితే నాకేదీ అని వచ్చి అడగరనా?

సరే. ఎంతైనా నువ్వు మా పిల్లవి. వాళ్లు వస్తే నువ్వు చెప్పమన్నదే చెబుతాను. అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయని నీకు తెలుసు, తలకి గుడ్డ చుట్టుకుంటాను. ఇంటూ గుర్తుల గురించి అడిగితే మాత్రం నేను నోరు విప్పను. వాటి గురించి నువ్వేమైనా రాశావా? నిజం చెప్పు.

మీ అక్క


హాస్టల్, మూడో అంతస్తు
ఆగస్టు 7

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. రోజూ తీసి చదువుతున్నాను, మడిచి పెడుతున్నాను. జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇంటర్వ్యూలో నీ గుండ్రాల పేజీ ఒకటి చూపించాను. అప్పటివరకూ ఆవలింతలు ఆపుకుంటున్న కమిటీ అధ్యక్షుడు కళ్లజోడు తీసి ముందుకు వంగాడు. "ఇది మీ పూర్వీకుల పద్ధతేనా అమ్మా?" అన్నాడు. అడుగుతుంటేనే ఆయన మొహం విప్పారింది. కాదండీ, బ్యాటరీలు బాగుచేసే మా అక్క కనిపెట్టిందండీ అంటే మళ్లీ వెనక్కి వాలిపోతాడనిపించింది. నేను తల ఊపాను. ఒక్కసారే ఊపాను. తర్వాత దానికి తగ్గట్టు మాట్లాడుతూనే పోయాను. ఎంత చక్కగా మాట్లాడానో! తలుచుకుంటే ఒళ్లు కుంచించుకుపోతోంది.

దరఖాస్తులో ఒక గడి ఉంది. ఈ సమాచారం ఎవరి అనుమతితో తీసుకున్నారని. నేనూ ఆ ఊరిదాన్నే కాబట్టి వేరే అనుమతి అక్కర్లేదని రాశాను. అప్పుడది తప్పనిపించలేదు, తెలివనిపించింది.

ఇంటూ గుర్తుల గురించి అడిగావు. రాశానక్కా. ఒక అధ్యాయమే రాశాను. నీ పుస్తకాల్లో ఇళ్ల పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. 3-2 అనే వరసలో ఇంటూలు నలభై ఏడున్నాయి. మిగతా ఇళ్లన్నిట్లో కలిపి పద్నాలుగే. ఆ ఇంటివాళ్లు తమ వంతు కాకపోయినా ఊరి కోసం ఇష్టంగా దీపం మానుకుంటారనీ, ఊరు వాళ్లని గౌరవిస్తుందనీ, ఆ ఇంటిని "చీకటి మోసే ఇల్లు" అంటారనీ రాశాను. ఆ పేరు ఎవరూ అనలేదు. నేనే పెట్టాను. అందరికీ అదే బాగా నచ్చింది. కెమెరా కూడా ఆ ఇంటి కోసమే వస్తోంది.

అక్కా, ఆ గుర్తులేంటి? 3-2 ఎవరిల్లు?

నీ చెల్లి


బ్యాటరీ గది
ఆగస్టు 20

పిచ్చుకా,

ఇది ఐదో కాగితం. నాలుగు చింపేశాను.

3-2 అంటే మూడో స్తంభం, రెండో తీగ. ఆ తీగ ఎవరింటికి పోతుందో నీకు తెలీకపోవడం చూసి ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. నువ్వెప్పుడైనా ఈ గది లోపలికొచ్చావా? యాసిడ్ వాసనంటూ ముక్కు మూసుకుని గడప బయటే నిలబడేదానివి. లోపలికి వచ్చి ఉంటే బోర్డు మీద ఆ ఫ్యూజు పక్కన సుద్దతో గీసిన సూది బొమ్మ చూసేదానివి.

అది మీ ఇల్లే.

ఇప్పుడు గుర్తు సంగతి. అడిగి ఆపడం నా పద్ధతి. వంతు వచ్చినవాళ్లయినా సరే, పొద్దుగూకకముందే గుమ్మంలోకి వెళ్లి, "ఇవాళ మీ వంతు, ఆపమంటారా?" అని అడుగుతాను. ఊఁ అంటేనే ఫ్యూజు తీస్తాను. కొన్ని రోజులు అదీ చాలదు. ఇంకో ఇల్లు ఆపాలి. మళ్లీ వాలు ఎక్కి, వంతు కానివాళ్లని బతిమాలి, తిట్లు తినాలి. ఒక్కోరోజు ఒళ్లు బద్ధకం. ఒక్కోరోజు భయం. కొట్టు బాబాయి నోరంటే భయం, బడి పక్కింటి కోడలి ఏడుపంటే భయం. పిన్ని అంటే భయం లేదు. పిన్ని ఏమీ అనదు. మీ నాన్న పోయాక ఆవిడ తరఫున గొంతెత్తేవాళ్లు ఎవరూ లేరు. ఉన్న ఒక్కదానివీ పట్నంలో ఉన్నావు.

అడగకుండా ఫ్యూజు పీకిన రోజు ఇంటూ పెట్టాను. రేపు వెళ్లి చెప్పేద్దాం, క్షమించమని అడుగుదాం, అప్పటిదాకా గుర్తుండాలి అని పెట్టుకున్నాను. ఏడు పుస్తకాలు నిండిపోయాయి. చెప్పలేదు.

నువ్వు పుస్తకాలు అడిగినప్పుడు ఇవ్వకూడదనే అనుకున్నాను. ఇవ్వనంటే ఎందుకంటావు. ఇచ్చేశాను. ఆ గుర్తులు నీకు అర్థం కావులే అనుకున్నాను. నువ్వేమో నా తప్పుకి ముద్దుపేరు పెట్టి ఊరేగించావు కదే!

ఇంకోటి కూడా ఉంది. ఏప్రిల్లో ఒకరోజు మబ్బేసింది. అప్పుడూ పీకాను. ఎనిమిదో పుస్తకంలో ఉంది, నీ దగ్గరికి రాలేదు. మర్నాడు అటువైపు వెళితే పిన్ని నీలం చొక్కా వెలుగులోకి పట్టి కుడి చెయ్యి చూసుకుంటోంది. తడుముకుంటూ కుట్టిందట, టపా బండి టైమైపోతోంది, విప్పి కుట్టే వ్యవధి లేదంది. నేను పక్కనే నిలబడి "ఏం పర్లేదు పిన్నీ, తెలీడంలేదు" అన్నాను. చొక్కా మడిచి కవరులో పెట్టిచ్చింది కూడా నేనే.

వాళ్లొచ్చినప్పుడు నేను నిజం చెబితే నీ సీటు పోతుంది. చెప్పకపోతే పిన్ని ముందు కెమెరా పెట్టి, మీరు ఇష్టంగానే చీకట్లో కూర్చుంటారా అని అడుగుతారు. ఆవిడ అవునంటుంది. నీ కోసం అవునంటుంది, నా కోసం అవునంటుంది. నేను అక్కడ తలకి గుడ్డ చుట్టుకుని నిలబడాలి.

నాకేం చెయ్యాలో తెలీడంలేదు. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు.

మీ అక్క


హాస్టల్, మూడో అంతస్తు
సెప్టెంబరు 5

అక్కా,

నేను చొక్కా వేసుకోలేదు.

ముందది చెప్పకపోతే మిగతాది రాయలేను. ఇంటర్వ్యూ రోజు వేసుకుని అద్దంలో చూసుకున్నాను. కుడి భుజం దగ్గర కుట్టు వంకర పోయి, చెయ్యి ఒకవైపు లాగేసింది. వీళ్లు చూస్తే కొండల్లోంచి దిగొచ్చిందని నవ్వుతారనిపించింది. విప్పి పెట్టె అడుగున పెట్టాను. పక్కగది అమ్మాయి నల్లకోటు అడిగి తొడుక్కున్నాను. ఆ కోటులో కూర్చుని, కొండల్లోంచి వచ్చానని గొప్పగా చెప్పుకుని సీటు తెచ్చుకున్నాను. నా సిగ్గు అమ్మ కుట్టు చూసి పుట్టింది. నా అబద్ధం చూసి పుట్టలేదు. ఎలాంటిదాన్నో చూడు.

నీ ఉత్తరం పట్టుకుని పోయిన సోమవారం అధ్యక్షుడి గదికి వెళ్లాను. లోపలికి రమ్మన్నా గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను, కూర్చుంటే మళ్లీ చక్కగా మాట్లాడతానేమోనని భయం. పద్ధతి మా అక్కది, నా దరఖాస్తులో ఆవిడ పేరు లేదు, చీకటి మోసే ఇల్లు లేదు, అది మా ఇల్లు, ఆ చీకటి ఎవరూ ఇష్టపడి తెచ్చుకున్నది కాదు అన్నాను. ఆయన బల్ల మీద పెన్సిల్ దొర్లించాడు. తిడతాడనుకున్నాను. "నేను ఆ ప్రశ్న అలా అడిగి ఉండకూడదు" అన్నాడు. అది విని నాకు ఇంకా తల కొట్టేసినట్టయింది.

కెమెరా రావడంలేదు. ఆ అధ్యాయం వెనక్కి తీసుకున్నాను. సీటు పక్కన పెట్టారు. పుస్తకాలు రాసినవాళ్ల సంతకం, వాటిలో ఉన్న ఇరవై రెండు ఇళ్ల సంతకాలు తెస్తే, పద్ధతి నీ పేరు మీదే ఉంచి పరిశోధన కొనసాగించనిస్తారట. సెప్టెంబరు ముప్పై, శుక్రవారం గడువు. ఒక్క సంతకం తగ్గినా సీటు నా తర్వాత అమ్మాయికి పోతుంది. ఆ అమ్మాయి నాకు తెలుసు, మంచిది. సముద్రం ఒడ్డున వాళ్ల జనం గాలిమరలతో పడే పాట్లు రాసింది. తన సొంతవి.

ఫారం దీంతోపాటు పెట్టాను. ఏడు పుస్తకాలూ వేరే పార్సిల్లో వస్తున్నాయి. సంతకం పెట్టమని అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను. ఈ సీటు పోతే నేనేం చేస్తానో నాకు తెలీదక్కా.

నీ చెల్లి


బ్యాటరీ గది
సెప్టెంబరు 18

పిచ్చుకా,

పుస్తకాలు చేరాయి. నాలుగో దాని అట్ట నలిగింది, నీ తలకాయ.

పోయిన ఆదివారం పొద్దున్నే అందర్నీ బడిలో కూర్చోబెట్టాను. నీ ఉత్తరం టీచరు చదువుతానంది, నేను వద్దన్నాను. చదవకముందే లేచి నా సంగతి చెప్పాను. ఏ రోజు ఎవరింటి ఫ్యూజు అడగకుండా పీకానో పుస్తకం తెరిచి వరసగా చదివాను. ముందు మిగతా ఇళ్ల పద్నాలుగు ఇంటూలూ చదివాను. కొట్టు బాబాయికి ఒక్కటే ఉంది. దానికే గంతులేశాడు, "నీ మొహం చూస్తే నమ్మకద్రోహం చేసేదానిలా లేవే" అని. తిట్టనీ, తిడుతుంటే కాస్త తేలికైంది. తర్వాత 3-2 మొదలుపెట్టాను. నలభై ఏడూ, ఆపైన ఏప్రిల్ ఒకటీ. పది చదివేసరికి పిన్ని "చాల్లే, కూర్చో" అంది. నేను కూర్చోలేదు, చివరిదాకా చదివాను.

అప్పుడు నీ ఉత్తరం చదివాను. చొక్కా సంగతి వదిలేద్దామనుకున్నాను. వదిలితే అదొక ఇంటూ. చదివేశాను.

ఇరవై ఒక్క ఇళ్లవాళ్లు పెట్టారు. బాబాయి కూడా గొణుక్కుంటూ పెట్టాడు. నేనూ పెట్టాను. పెట్టనిది ఒక్కరే. మీ అమ్మ.

నా మీద కోపంతో కాదే. సభ అయ్యాక ఇంటికెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాను. "నువ్వు పీకినప్పుడల్లా నాకు తెలుసు" అంది. "కిటికీలోంచి చూస్తే మిగతా ఇళ్లు వెలుగుతూ కనబడవా? నా వంతు ఎప్పుడో నాకు తెలీదా?" అంది. మరి ఎందుకు అడగలేదు పిన్నీ అన్నాను. "నా పిల్లని చదివించడానికి ఇన్ని ఇళ్లు తలా ఒక చెయ్యి వేశాయి. ఒక దీపం కోసం ఏ మొహం పెట్టుకుని అడగను?" అంది.

ఫారం ముందు పెట్టాను. చూసింది. చొక్కా మాట ఎత్తలేదు. మిషను మీద చెయ్యి వేసి ఇలా అంది, ఆవిడ అన్నది అన్నట్టు రాస్తున్నాను:

"కాగితం పంపించి సంతకం అడిగేది బయటివాళ్లు. అది నా కూతురైతే వచ్చి అడగమను."

రెండు రోజులు బతిమాలాను. మా అమ్మ చేతా చెప్పించాను. లాభం లేదు. ఇన్నేళ్లూ ఏమీ అనని మనిషి ఒక్కసారి అంది, అంతే.

ఫారం నా దగ్గరే ఉంది. ఏం చేస్తావో నీ ఇష్టం.

మీ అక్క


హాస్టల్, మూడో అంతస్తు
సెప్టెంబరు 25, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. మీ వైపు వచ్చే టపా బండి మంగళవారం ఒకటి, శనివారం ఒకటి. మంగళవారం ఎక్కి వచ్చినా, బండి నన్ను దింపి వెంటనే తిరిగిపోతుంది, మళ్లీ శనివారమే. ఎలా చూసినా శుక్రవారానికి ఫారం ఇక్కడ ఉండదు. అధ్యక్షుణ్ణి అడిగాను. కమిటీకి చెబుతాను, మాటివ్వలేనమ్మా అన్నాడు. సరేనండీ అన్నాను. సముద్రం ఒడ్డు అమ్మాయి మెట్ల దగ్గర ఎదురైతే తల దించుకోకుండా పలకరించాను. కష్టంగానే ఉంది.

మంగళవారం బండికి ఈ ఉత్తరం వస్తుంది. శనివారం బండికి నేను వస్తాను. ముందు ఉత్తరం ఎందుకంటే, చెప్పకుండా వచ్చి గుమ్మంలో నిలబడడానికి నాకిప్పుడు భయంగా ఉంది. నువ్వు వెళ్లి అమ్మని అడుగు, రావచ్చా అని. వద్దంటే బడిలో పడుకుంటాను. ఊఁ అంటే నీకు తెలుస్తుంది, ఆవిడ ఊఁ అని కూడా అనదు, దారం తెంపుతుంది.

ఫారం నువ్వు బయటికి తియ్యకు. నేను అడగబోయేది సంతకం కాదు.

నీలం చొక్కా పెట్టెలోంచి తీశాను. మడతలు పడిపోయాయి. అదే వేసుకుని వస్తాను, కోటు లేదు.

ఒక్క పని చేసి పెట్టు. శనివారం ఎండ ఎంత కాసినా సరే, బ్యాటరీలు నిండుగా ఉన్నా సరే, సాయంత్రం మూడో స్తంభం, రెండో తీగ ఆపెయ్. అమ్మ పక్కన ఆ చీకట్లో కూర్చుంటాను. పుస్తకంలో ఖాళీ గుండ్రం పెట్టు, ఇంటూ వద్దు. ఈసారి ఆ ఇంటివాళ్లే అడుగుతున్నారు.

చెల్లి